ఫిడేలు నేర్చుకొనగోరువారికి

(డయాసిస్ శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన సంగీత సదస్సులో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠము)



"ఆరాధనలో సంగీతము" అనే విషయము మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. అది చాలా పెద్ద విషయము. దానిని నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే కూర్చొని ఉన్నారు. అందుచేత వారి అనుమతితో దానిలో నుండి ఒక చిన్న ముక్క మాత్రము తీసుకొన్నాను. ఒక మేష్టారి ఇంటికి వెళ్ళి ఫిడేలు పాఠము మొదలుపెట్టడము గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఇంత చిన్న విషయము ఎందుకంటారా? గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు ప్రార్థన ముగిసి కాఫీ వచ్చే లోపల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి. "అయ్యగారూ, మా అమ్మాయి ఫిడేలు నేర్చుకుంటానని పట్టుపట్టింది. పంపమంటారా?" ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఉంటాయి. ఎంత ఖర్చవుతుంది? ఎవరి దగ్గరకు పంపాలి? ఈ రెండూ మామూలు గొంతుతో అడుగుతారు. మూడవది మాత్రము గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కడ వేరే దేవుళ్ళ పాటలు నేర్పుతారట గదా, ఎలాగండి?"

ఈ మూడింటికీ తెలిసినంతవరకు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను సంగీత విద్వాంసుడను కాను. నలభై రెండవ యేట ఫిడేలు పట్టి, నాలుగు సంవత్సరములుగా వారానికి రెండు రోజులు మా మేష్టారి ఎదుట చాప మీద కూర్చొనే శిష్యుడను. ఆ చాప మీద నుండి కనబడినదే చెబుతాను.

ఇది ఎవరి వాద్యము?

ముందుగా ఒక అపోహ తొలగించుకొందాము. కొందరు ఫిడేలు దొరల వాద్యమనుకొంటారు. కొందరు అది కచేరీల వాద్యము, మనది కాదనుకొంటారు. ఈ రెండు మాటలలోనూ సగము సగమే నిజమున్నది.

ఈనాడు మనము చూచే వయొలిన్ రూపము పదహారవ శతాబ్దములో ఉత్తర ఇటలీలో ఏర్పడినది. క్రెమోనా పట్టణములో ఆంద్రెయా అమాతి కుటుంబమువారు, తరువాత ఆంటోనియో స్ట్రాడివారి (సుమారు 1644–1737) చేసిన వాద్యములు నేటికీ పేరెన్నిక గన్నవి. ఆ వాద్యము ఓడలెక్కి మన తీరమునకు వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజులలో ఒక ఐరోపా వాద్యకారుని దగ్గర దీనిని నేర్చుకొన్నారు. నేర్చుకొని, దానిని కర్ణాటక సంగీతమునకు పనికివచ్చేలా మలచుకొన్నారు. ఆ వాద్యము మన సంగీతములోనికి వచ్చిన దారి ఇదేనని పెద్దలు చెబుతారు. అంటే ఏమైనదో ఆలోచించండి. కర్ణాటక సంగీతములో ఈ విద్యకు మొదటి పాఠము ఒక బ్రాహ్మణ యువకుడు పరదేశి ఎదుట కూర్చొని చెప్పించుకొన్న ప్రైవేటు పాఠమే!

ముత్తుస్వామి దీక్షితులవారు ఆ కాలపు ఇంగ్లీషు బాణీలకు సంస్కృత సాహిత్యము కూర్చారు. వాటిని నొట్టుస్వరములు అంటారు. మన పెద్దలు ఇంగ్లీషు కీర్తనల బాణీలకు తెలుగు మాటలు కూర్చినది కూడ ఇటువంటి పనియే. బాణీలు ఇటు నుండి అటు, అటు నుండి ఇటు నడుస్తూనే వచ్చాయి.

తెలుగువారికి ఫిడేలు అనగానే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గుర్తుకు వస్తారు. ఆయన 1893లో బెంగుళూరులో పుట్టారు, విశాఖపట్నములో పెరిగారు, అన్నగారి దగ్గర ఈ విద్య ఆరంభించారు. 1919లో విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల వెలసినప్పుడు విద్యార్థిగా చేరాలని వెళ్ళిన ఆ యువకుని వాద్యము విని, ప్రిన్సిపాలుగా ఉన్న ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయనను ఏకంగా ఆచార్యునిగా తీసుకొన్నారని చెప్పుకొంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయినారు. 1964లో కీర్తిశేషులయ్యే వరకు ఆ కమానులో నుండి వచ్చిన నాదము తెలుగుదేశమంతా విన్నది. పాశ్చాత్య విద్వాంసుల వాద్యమును కూడ ఆయన శ్రద్ధగా వినేవారు. అందులో మంచిని గ్రహించడానికి ఆయనకు బిడియము లేకపోయినది.

ఇక మన ఇంటి మాట. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మొదలైన మన కీర్తనకారులు ఏ సంగీతములో పాటలు కట్టారు? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము పాత ప్రతి తెరిచి చూడండి. పాటకు పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పుస్తకము చేత పట్టుకొని పాడుతాము, కాని ఆ పంక్తిని మనలో ఎందరము చదువుతున్నాము? చదివినా, ఆ రాగము ఎటువంటిదో చెప్పగలవారు సంఘమునకు ఒకరైనా ఉన్నారా? ఆ పంక్తిని చదవడము నేర్పేది ఫిడేలు మేష్టారే.

ఏ పద్ధతి?

ఫిడేలుకు రెండు పద్ధతులున్నవి. పాశ్చాత్య పద్ధతిలో నిలబడి గాని, కుర్చీలో కూర్చొని గాని గడ్డము క్రింద ఆనించుకొని వాయిస్తారు. కాగితము మీద స్వరములు చదువుతారు. మన కర్ణాటక పద్ధతిలో బాసింపట్టు వేసుకొని నేలమీద కూర్చొని, ఫిడేలు తల భాగమును కుడి పాదము చీలమండ దగ్గర ఆనించి, రెండవ కొనను ఎడమ భుజము వైపు రొమ్మునకు ఆనించుకొంటారు. వాద్యము రెండు చోట్ల ఆనుకొని ఉండటముచేత ఎడమచేతికి దానిని మోసే పని ఉండదు. ఆ చేయి తీగమీద పైకీ క్రిందికీ స్వేచ్ఛగా జారుతుంది. గమకము పలికేది ఆ జారుటలోనే.

తీగలు నాలుగే. పాశ్చాత్యులు వాటిని జి, డి, ఎ, ఇ అని బిగిస్తారు. మనవారు మంద్ర షడ్జమము, మంద్ర పంచమము, మధ్య షడ్జమము, మధ్య పంచమము అని బిగిస్తారు.

ఏది మంచిదని నన్ను అడుగుతారు. రెండూ మంచివే. నాలుగు గొంతుల పాటలు, క్రిస్మసు కేరల్స్ వాయించే గాయక బృందములో చేరాలని ఉంటే పాశ్చాత్య పద్ధతి ఉపయోగపడుతుంది. లండను ట్రినిటీ కళాశాలవారి గ్రేడు పరీక్షలు మన దేశములోనూ జరుగుతాయి. మన తెలుగు కీర్తనలు వాటి రాగములో వాయించాలని ఉంటే కర్ణాటక పద్ధతి కావాలి. అయితే మీ ఊరిలో ఏ మేష్టారు ఉన్నారనేదే సగము నిర్ణయము చేస్తుంది. ఊరిలో ఉన్న మంచి గురువును వదులుకొని, లేని పద్ధతి కొరకు ఎదురుచూడనక్కరలేదు. ఒక్కటి మాత్రము గుర్తుంచుకోండి. మొదటి రెండేళ్ళు ఏదో ఒక పద్ధతిలోనే ఉండాలి. పొద్దున ఒక కూర్చోవడము, సాయంత్రము ఒక నిలబడటము పెట్టుకొంటే చేయి దేనికీ కుదరదు.

వాద్యము కొనుట

చాలామంది చేసే పని ఏమంటే, ముందు ఫిడేలు కొని తరువాత మేష్టారిని వెదకుతారు. దానికి బదులు ముందు మేష్టారిని చూసుకొని ఆయన చేతనే కొనిపించండి. నేర్చుకొనేవారికి సరిపోయే ఫిడేలు కొన్ని వేల రూపాయలలో దొరుకుతుంది. వార్నిషు మెరుపు చూసి కొనకండి. చూడవలసినవి నాలుగు: బిరడాలు తిప్పితే నిలుస్తున్నాయా, బ్రిడ్జి నిటారుగా ఉన్నదా, మెడ వంగలేదు గదా, తీగ ఫింగర్ బోర్డుకు మరీ ఎత్తుగా లేదు గదా. తీగ ఎత్తుగా ఉంటే పసివారి వేళ్ళు కోసుకుపోతాయి. వారము తిరగక ముందే ఫిడేలు మంచము క్రిందికి పోతుంది.

పిల్లలకు కొలత ముఖ్యము. పావు, అర, ముప్పాతిక, పూర్తి అని కొలతలున్నవి. సుమారుగా ఆరేళ్ళ బిడ్డకు పావు, ఎనిమిదేళ్ళకు అర, పదేళ్ళకు ముప్పాతిక, పన్నెండు దాటితే పూర్తి కొలత సరిపోతుంది. ఎదుగుతారు గదా అని పెద్దది కొనడము చొక్కాల విషయములో చెల్లుతుంది, ఫిడేలు విషయములో చెల్లదు. చేయి అందని బిడ్డకు తప్పు స్థానములో వేళ్ళు అలవాటైపోతాయి. చిన్న కొలతలను అద్దెకో, మరొక శిష్యుని దగ్గర సగము ధరకో తీసుకొనడము మేలు.

కమాను గురించి ఒక మాట. దానికి కట్టేవి గుర్రపు తోక వెంట్రుకలు. వాయించే ముందు మర బిగించాలి, ముగించగానే వదులు చేయాలి. వెంట్రుకలను చేతితో తాకకూడదు, చెమట, జిడ్డు అంటితే తీగను పట్టవు. పట్టడానికి రోజిన్ రాస్తారు. అది దేవదారు జాతి చెట్ల బంక నుండి చేసిన గట్టి బిళ్ళ. ఒక బిళ్ళ ఏళ్ళ తరబడి వస్తుంది. మన ఎండలలో ఫిడేలును కారులో గాని, కిటికీ దగ్గర గాని ఉంచవద్దు. జిగురుతో అతికిన వాద్యము, వేడికి అతుకు విడిపోతుంది. కోస్తా ఊళ్ళలో వానాకాలము బిరడాలు ఉబ్బి బిగుసుకొంటాయి, వేసవిలో జారిపోతాయి. బలవంతము చేయక మేష్టారికి చూపించండి.

గురువును ఎంచుకొనుట

గొప్పగా వాయించేవారందరూ బాగా నేర్పలేరు. బాగా నేర్పేవారందరికీ పేరు ఉండదు. కాబట్టి ఆయన కచేరీలు ఎన్ని చేశారని కాక, ఆయన దగ్గర మూడేళ్ళు నేర్చుకొన్న పిల్లలు ఎలా వాయిస్తున్నారో వినండి. ఒక పాఠము కూర్చొని చూడటానికి అనుమతి అడగండి. శిష్యుని మణికట్టు వంకర పోతే ఆయన ఆపి సరిచేస్తున్నారా, లేక పాట ముందుకు నడిపిస్తున్నారా? తప్పు వాయించినప్పుడు పసివాని ముఖము ఎలా ఉన్నది? భయముతో బిగుసుకొన్న భుజము మీద నాదము పలకదు.

జీతము విషయము మొదటి రోజే తేటగా మాట్లాడుకోండి. నెలకు ఎన్ని పాఠములు, మానివేసిన పాఠమునకు ఏమి పద్ధతి అన్నవి అడగటములో తప్పు లేదు. అలాగే నెల మొదట్లో జీతము చేతికి ఇవ్వడములో జాప్యము ఉండకూడదు. ఆయనకు అదే జీవనము. సంగీతము దేవుని వరము గదా, బేరమాడవచ్చుననుకొనడము మంచిది కాదు. వరమైనా దానిని ఇన్నేళ్ళు సాధన చేసి నిలిపినది ఆయన.

తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెబుతాను. చిన్నపిల్లలను పాఠమునకు దింపి వెళ్ళిపోవద్దు. ఎవరో ఒక పెద్దవారు ఆ గదిలోనో, తలుపు తెరిచి ఉన్న వరండాలోనో ఉండండి. ఇది ఏ గురువునూ అనుమానించడము కాదు. మంచి గురువు తానే ఆ మాట అంటాడు. దీనివలన ఇంకొక లాభము కూడ ఉన్నది. జపాను దేశములో షినిచి సుజుకి (1898–1998) అనే ఆచార్యుడు, బిడ్డ మాతృభాష నేర్చినట్లే సంగీతమూ నేర్చుకోగలదని చెప్పి, తల్లినో తండ్రినో పాఠములో కూర్చోబెట్టేవాడు. పాఠము విన్న తల్లి ఇంటి దగ్గర సాధన చేయించగలదు. వినని తల్లి "ఇంకా ఎంతసేపు ఆ కీచుమనే మోత" అని మాత్రమే అనగలదు.

దగ్గరలో మేష్టారు లేనివారు ఈ రోజులలో సెల్‌ఫోనులో చూసి నేర్చుకొంటున్నారు. అమెరికాలోని మన పిల్లలు చాలామంది అలా నేర్చుకొంటున్నారు. అది ఉపయోగకరమే. కాని మొదటి కొన్ని నెలలు మాత్రము ఎదుట కూర్చొనే నేర్చుకోవాలి. కమాను పట్టిన చేతి బొటనవ్రేలు ఎక్కడ బిగుసుకొన్నదో ఫోనులో కనబడదు.

గొంతు తగ్గించి అడిగే ప్రశ్న

ఇప్పుడు మూడవ ప్రశ్న. కర్ణాటక పద్ధతిలో పాఠము మాయామాళవగౌళ రాగములో సరళీ స్వరములతో మొదలవుతుంది. ఇది పురందరదాసుగారు ఏర్పరచిన క్రమమని చెబుతారు. ఫిడేలు మీద దీని సొగసు చూడండి. షడ్జమపు తీగమీద స రి గ మ లకు వేళ్ళు ఎంతెంత దూరములో పడతాయో, పంచమపు తీగమీద ప ద ని స లకూ సరిగ్గా అంతంత దూరములోనే పడతాయి. ఒక తీగమీద నేర్చినది రెండవ తీగమీద ఊరికే వచ్చేస్తుంది. తరువాత జంట స్వరములు, అలంకారములు. ఇంతవరకు ఏ ఇంటివారికీ ఇబ్బంది లేదు. ఆ తరువాత గీతములు వస్తాయి. మొట్టమొదట వచ్చేది మలహరి రాగములో గణపతిని స్తుతించేది. ఇక్కడికి వచ్చేసరికి మన ఇళ్ళలో కలవరము పుడుతుంది.

ఈ కలవరమును నేను తేలికగా తీసివేయను. ఒక సంఘ పెద్ద నాతో అన్నారు: "అయ్యగారూ, ఈ రోజు స్వరమంటారు, రేపు సాహిత్యమంటారు, ఎల్లుండి హారతి అంటారు. ఎక్కడ ఆగాలో పిల్లకు ఎవరు చెబుతారు?" ఆయన ప్రశ్న న్యాయమైనది. ఆగవలసిన చోటు మనమే చెప్పాలి, ఇంటి దగ్గర చెప్పాలి, పాఠము మొదలుకాక ముందే చెప్పాలి. బిడ్డను పంపి, ఆ బిడ్డ చేతనే మేష్టారి ఎదుట "నేను ఇది వాయించను" అనిపించడము బిడ్డకూ గురువుకూ అన్యాయము.

మాకు తెలిసిన ఒక కుటుంబము వారు ఏమి చేశారంటే, తండ్రి మొదటి రోజే మేష్టారి దగ్గరకు వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. మేము క్రైస్తవులము, మీ విద్య మీద మాకు గౌరవమున్నది, మా అమ్మాయి పూజలో పాల్గొనదు, దేవతా స్తుతులను పాడదు, ఇందుకు మీరు ఒప్పుకొంటేనే చేర్చుకోండి, లేకపోతే మేము నొచ్చుకోము అన్నాడు. మేష్టారు కొంచెము సేపు ఊరుకొని, "మీ పాటల పుస్తకము ఒకసారి తీసుకురండి" అన్నారు. మరునాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పాత ప్రతి తెచ్చి ఇచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకొని పేజీలు తిరగవేస్తూ, పాటల పైన అచ్చువేసిన శంకరాభరణము, మోహన అన్న పేర్లు చూసి, "ఇవన్నీ మా వీధివారేనండీ! ఇన్నాళ్ళూ మీ ఇంట్లో ఉంటున్నారన్నమాట" అని నవ్వారు. గీతములను స్వరములుగా మాత్రము నేర్పుతానని, సాహిత్యము చెప్పవలసిన చోట ఆ పుస్తకములోని కీర్తన చెబుతానని ఒప్పుకొన్నారు. నిజానికి ఫిడేలు మీద ముందు నేర్చుకొనేది స్వరమే గదా.

అందరు గురువులూ ఇలా ఒప్పుకొనకపోవచ్చు. "నా సంప్రదాయము ఇది, దీనిని విడదీసి చెప్పలేను" అని ఒకరు అంటే ఆ మాటకు గౌరవము ఇచ్చి నమస్కారము చేసి రావాలి. మన విశ్వాసమునకు మనము ఎంత విలువ ఇస్తామో ఆయన విశ్వాసమునకు ఆయన అంత విలువ ఇస్తున్నాడు. విజయదశమినాడు శిష్యులు గురువుగారికి పండ్లు, బట్టలు ఇస్తారు. గురువును సన్మానించడములో నాకు ఏ ఆటంకమూ కనబడదు. ఆ రోజు వెళ్ళడము కొందరి మనస్సాక్షికి కష్టమైతే మరునాడు వెళ్ళవచ్చు. దీనిలో ఒకరినొకరు తీర్పు తీర్చుకొనవద్దు.

ఈ సందర్భములో మరచిపోకూడని సంగతి మరొకటి ఉన్నది. మనలో చాలామంది తాతలకు ఆ కాలములో సంగీతపు మేష్టారి అరుగు ఎక్కే వీలు లేదు. పుట్టిన పేట పేరు చెప్పగానే తలుపు మూసుకొనేది. వారు వీధిలో నిలబడి వినగలిగినంత విని, డప్పు మీదను, తంబురా మీదను తమ పాట తాము కట్టుకొన్నారు. ఆ పాటలో ఎంత బలమున్నదో మీకు తెలుసు. మిషను బడులు కొందరికి హార్మోనియము నేర్పాయి గాని ఆ అరుగు మాత్రము చాలాకాలము దూరముగానే ఉన్నది. ఈనాడు ఆ తలుపు చాలా ఇళ్ళలో తెరచి ఉన్నది. ఎదుటివారు తీసిన తలుపును లోపలి నుండి మనమే గడియ పెట్టుకొనడము న్యాయమేనా? భయముతో కాదు, ఎక్కడ ఆగాలో తెలిసిన ధైర్యముతో మన పిల్లలు ఆ గడప దాటాలని నా మనవి.

మొదటి సంవత్సరము

మొదటి మూడు నెలలు ఇంటివారందరికీ పరీక్ష. ఫిడేలుకు వీణకున్నట్లు మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి అటుఇటు అయితే స్వరము తప్పుతుంది. అందుచేత చెవి తయారయ్యే వరకు చేయి తయారు కాదు. మొదట ఎడమచేతితో పనే లేదు. శ్రుతి పెట్టుకొని, ఉత్త తీగమీద కమానును ఈ కొన నుండి ఆ కొన వరకు నెమ్మదిగా లాగటము, బ్రిడ్జికి సమాంతరముగా, ఒకే ఒత్తిడితో. ఎదురుగా అద్దము పెట్టుకొంటే కమాను ఎటు జారుతున్నదో కనబడుతుంది. శ్రుతిపెట్టె కొననక్కరలేదు, ఈ రోజులలో అది సెల్‌ఫోనులోనే వస్తున్నది.

సాధన రోజుకు ఇరవై నిముషములు చాలు. కాని ప్రతిరోజూ ఉండాలి. ఆరు రోజులు మానివేసి ఏడవ రోజున రెండు గంటలు వాయించినదానికంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. అపార్టుమెంట్లలో ఉన్నవారు బ్రిడ్జి మీద రబ్బరు మ్యూటు తగిలిస్తే శబ్దము సగానికి సగము తగ్గుతుంది, ప్రక్కింటివారి స్నేహమూ నిలుస్తుంది.

పెద్ద వయస్సులో మొదలుపెట్టేవారికి నా అనుభవము చెబుతాను. వేళ్ళు బిగుసుకొని ఉంటాయి, మోకాళ్ళు నొప్పి పెడతాయి. ప్రక్క చాప మీద తొమ్మిదేళ్ళ పిల్ల మనము నెల రోజులు కుస్తీపట్టిన అలంకారమును రెండు రోజులలో వాయించి జడ సర్దుకొంటుంది. కాని పెద్దవారికి ఒక మేలున్నది. ఎందుకు నేర్చుకొంటున్నామో మనకు తెలుసు. ఒక కీర్తనను తప్పు లేకుండ వాయించడానికి నాకు ఏడాదిన్నర పట్టినది. ఆ కీర్తనను నేను చిన్నప్పటి నుండి పాడుతున్నాను. అయితే ఒక్కొక్క స్వరమును వెదకి పట్టుకొన్న తరువాత, అందులో ఒక మాటను మన కీర్తనకారుడు ఎందుకు పై స్థాయిలో పెట్టాడో, ఇంకొక మాట దగ్గర ఎందుకు నిలిపాడో మొదటిసారి తెలిసినది.

ఇంకొక సంగతి. సంఘములో నన్ను గురువు అని పిలుస్తారు. వారమంతా నేను చెప్పేవాడను, ఇతరులు వినేవారు. మంగళ, శుక్రవారములు సాయంత్రము ఆరు గంటలకు మాత్రము నేను చెప్పించుకొనేవాడను. "మళ్ళీ వాయించండి" అంటే మళ్ళీ వాయించాలి. ఇది గురువులనబడే వారికి చాలా ఆరోగ్యకరమైన విషయమని నా తోటి గురువులకు మనవి చేస్తున్నాను. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో దావీదు ఏర్పరచిన వాద్యకారుల లెక్క ఉన్నది. ప్రవీణులైనవారు 288 మంది. వారి వంతులు నిర్ణయించడానికి చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అని గాని, గురువు శిష్యుడు అని గాని భేదము చూడలేదని అక్కడ వ్రాయబడి ఉన్నది. అందరికీ ఒకే విధముగా చీట్లు పడినవి.

సంఘములు చేయవలసినది

చివరగా మూడు మనవులు. ఈ శతాబ్ది సంవత్సరములో భవనములకు, శిలాఫలకములకు మనము చాలా వెచ్చిస్తున్నాము. ఒక్కొక్క పాస్టరేటు రెండు మూడు ఫిడేళ్ళు, అందులో ఒకటి అర కొలతది, కొని ఉంచి, కొనుక్కోలేని ఇళ్ళ పిల్లలకు పాఠములు నడిచినంతకాలము ఎరువు ఇవ్వాలి. మొదటి ఏడాది జీతములో సగము సంఘము భరించగలిగితే మరీ మంచిది. కూలికి పోయే తల్లి బిడ్డకు కూడ ఆ చాప మీద చోటు దొరకాలి.

రెండవది. నేర్చుకొనే పిల్లలను క్రిస్మసు కార్యక్రమములో నిలబెట్టాలని తొందరపడవద్దు. ఆరు నెలల చేతితో వేయి మంది ఎదుట వాయించి, శ్రుతి తప్పి, నవ్వుల పాలై, ఫిడేలు మళ్ళీ ముట్టని పిల్లలను మనము చూస్తూనే ఉన్నాము. దానికి బదులు గాయక బృందములో వెనుక వరుసలో కూర్చోబెట్టి, కీర్తన నడుస్తున్నంతసేపు షడ్జమ పంచమములు మాత్రము పట్టమనండి. అది చిన్న పని కాదు. పాడేవారందరూ ఆ శ్రుతి మీదనే నిలబడతారు.

మూడవది. కీబోర్డు మీద నాకు కోపము లేదు. ఒక్క మనిషితో ఆరాధన నడిపించగలిగిన ఉపకరణమది, చిన్న సంఘములకు ఎంతో మేలు చేసినది. కాని దాని మీటలు పన్నెండు స్వరస్థానముల దగ్గర విడివిడిగా ఆగిపోతాయి. ఒక స్వరము నుండి మరొక స్వరమునకు జారి, ఊగి, తిరిగి వచ్చే నడక మన కీర్తనల ప్రాణము. ఆ నడకను గొంతు పలుకుతుంది, గొంతు వెంట ఫిడేలు పలుకుతుంది. ఇరవై ఏళ్ళుగా మీట మీదనే విని పెరిగిన పిల్లలు కీర్తనను మీటలాగనే పాడుతున్నారు. తరువాతి తరము ఆ పుస్తకములోని రాగము పేరును, అర్థము తెలియని అచ్చుగా మాత్రమే చూస్తుందేమోనని నాకు దిగులు. ఆ దిగులు తీరే ఉపాయము ఒక్కటే. సంఘమునకు ఇద్దరు ముగ్గురైనా నేర్చుకొన్నవారు ఉండాలి.

కాబట్టి, మీ అమ్మాయి ఫిడేలు నేర్చుకొంటానంటే పంపండి. మంచి గురువును చూసి, ఉన్నమాట చెప్పి, జీతము వేళకు ఇచ్చి, గదిలో ఒక మూల కూర్చొని వినండి. అమ్మాయి కంటే మీకే ఆశ ఎక్కువగా ఉంటే, మీరే ఇంకొక చాప వేసుకోండి. మా మేష్టారి దగ్గర శుక్రవారము బృందములో ఇంకా ఇద్దరికి చోటు ఉన్నది.